ఎంగిలి వెదురు

దేవుడిగది తూర్పుగోడకి ఒక మేకు. మేకుకి ఎర్రతాడు. ఆ తాటి కొసన నువ్వు. పక్కనే పటంలో బాలకృష్ణుడు. ఆయన చేతిలోనూ ఒక వేణువుంది గానీ అది అచ్చుయంత్రం కన్న వేణువు, రంగు తప్ప రాగం ఎరగదు. నీకు రాగం తెలుసు. రంగే నీ గొంతుకి అడ్డం పడింది. ఏటేటా కృష్ణాష్టమికి అమ్మ నిన్ను కిందికి దింపి, పసుపు రాసి, ఊదే బెజ్జం చుట్టూ కుంకుమ దిద్ది, వేళ్ళ బెజ్జాలు ఎనిమిదింటికీ ఎనిమిది బొట్లు పెట్టి, సాంబ్రాణి పొగ పట్టి, మళ్ళీ ఆ మేకుకే తగిలించేది. మేం కళ్ళు మూసుకుని దండం పెట్టేవాళ్ళం. అమ్మ పోయాక కూడా ఆ తంతు ఆగలేదు. లెక్కేస్తే నలభై ఆరు అష్టములు. నలభై ఆరు పూతలు.

ఓ నా వెదురా, ఈ డెల్టాలో నీకు జరిగినంత పూజ ఏ వేణువుకీ జరిగి ఉండదు. నీకు జరిగినంత ద్రోహమూ.

మా ఊరు రేపల్లె. ఊరి పేరులోనే నీ కథ ఉంది. వ్రేపల్లె అంటే గొల్లపల్లె. తెలుగు భాగవతంలో నందుడి ఊరు. తెనాలి నుంచి వచ్చే రైలుకి ఇదే ఆఖరి మజిలీ, ఇక్కడికొచ్చాక పట్టాలకి దారి తోచదు. అవతల వరిచేలు, చేల అవతల కృష్ణమ్మ, కృష్ణమ్మ అవతల దివిసీమ, దివిసీమ అవతల సముద్రం. కృష్ణుడి ఊరి పేరు పెట్టుకున్న ఊళ్ళో, కృష్ణ పేరు పెట్టుకున్న ఏటి పక్కన, నాటకాల కృష్ణుడి కోసం పుట్టిన వేణువు నోరు పడిపోయి గోడకి వేలాడిందంటే నవ్వాలో ఏడవాలో నాకు తెలియడం లేదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మా పెంకుటింటి మీద వాన పడలేదు, వాన ఇంట్లో పడింది. దేవుడిగది గోడ నాని, సున్నం ఉబ్బి, తడి పైకి పాకింది. వారం పోయాక చూస్తే నీ ఒంటి మీద బూడిదరంగు నూగు. పసుపు మీద బూజు, కుంకుమ మీద బూజు, ఎర్రతాటి మీద బూజు. ముట్టుకుంటే వేలికి అంటిన చెమ్మలో ఒక వాసన. మూసిన పాతపెట్టె వాసన కాదు, తడిసిన గడ్డివాము వాసన.

గడ్డివాసన రావడంలో వింత లేదు. చూసినవాళ్ళు నిన్ను కర్రవేణువంటారు, చెక్కవేణువంటారు. వృక్షశాస్త్రం చదివినవాడు ఒప్పుకోడు. 1945 నుంచి బాపట్లలో వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడి కుర్రాణ్ణి ఎవర్నడిగినా చెబుతాడు, వెదురు మాను కాదు, గడ్డి అని. వరికీ చెరుకుకీ ఏటిగట్టు రెల్లుకీ నువ్వు పెద్దక్కవి. చెల్లెళ్ళందరూ ఈ నల్లరేగడిలో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఊరికి అన్నం పెడుతుంటే, పెద్దక్క ఎక్కడో దూరపు అడవిలో పుట్టి పాట పెట్టడానికి వచ్చింది. అడవిలో నువ్వు పూస్తే చచ్చిపోతావట. ఆ పూత గింజల్నే వెదురు బియ్యమని వండుకుంటారు. పూయకముందే నరికారు కాబట్టి నువ్వు చావలేదు. బతకనూ లేదు. మా గోడ మీద ఆ రెంటి మధ్యా వేలాడావు.

సంక్రాంతి వెళ్ళాక నిన్ను దింపాను.

మొదట కనిపించింది మట్టి. ఎనిమిది బెజ్జాల్లో మూడింటిని ఎవరో మెత్తటి బంకమన్నుతో నున్నగా మూసేశారు. కుమ్మరిపురుగు! మేము బొట్లు పెట్టి ఊరుకుంటే అది ఇల్లు కట్టుకుంది. చీపురుపుల్లతో మెల్లగా పొడిస్తే మట్టి డొల్లలు డొల్లలుగా ఊడింది. ఒకదాన్లో ఎండి ముడుచుకుపోయిన ఆకుపచ్చ పురుగులు, తల్లి తన పిల్ల కోసం దాచిన చద్దిమూట. పిల్ల ఎగిరిపోయిన గూడు ఒకటి, పిల్ల పుట్టని గూడు ఒకటి. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళలో నీ బోలుతనాన్ని బోలుతనంగా వాడుకున్న ప్రాణి మా ఇంట్లో ఆ ఒక్క పురుగే.

తర్వాత తడిగుడ్డ తీసుకున్నాను. అది తప్పని అప్పటికి నాకు తెలియదు. గిన్నెడు నీళ్ళు పెట్టుకుని, తాతయ్య పాత పంచె పేలిక ముంచి, పిండి, తుడిచాను. మొదటి తుడుపుకి బూజు పోయింది. రెండోదానికి సాంబ్రాణి మసి. మూడోదానికి పసుపు. ఆ తర్వాత కుంకుమ కరగడం మొదలైంది. ఎంతకీ తరగదే! పొర కింద పొర, పొర కింద పొర. ఈ పొర అమ్మ వేళ్ళది, ఇది మోకాళ్ళ నొప్పులతో అమ్మ స్టూలెక్కలేక నా చేత దింపించుకున్న ఏటిది, ఇది అమ్మ లేని ఏడు మా ఆవిడ పెట్టింది. గిన్నెలో నీళ్ళు ఎర్రబడ్డాయి. అమ్మ చేతిని కడుగుతున్నానా, అమ్మనే కడిగేస్తున్నానా అనిపించి కాసేపు గుడ్డ పక్కన పెట్టాను. మళ్ళీ తీసుకున్నాను.

ఊదే బెజ్జం అంచున మాత్రం ఒక ముదురు ఎరుపు మొండికేసింది. కుంకుమంతా పోయాక కూడా అక్కడ అర్ధచంద్రాకారంగా, కాచు రంగులో, వెదురు నరాల్లోకి ఇంకిపోయి కూర్చుంది. నిమ్మచెక్క రుద్దాను. పోలేదు. గరుకుకాగితం తెచ్చి రుద్దాను. పది నిమిషాలకి పోయింది. కింద నుంచి లేత తేనెరంగు వెదురు, అప్పుడే నిద్రలేచిన పసిపిల్లలా బయటపడింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

అప్పుడు చూశాను నీ ఒళ్ళు. ఎనిమిది బెజ్జాల్లో ఏడింటి అంచులు గులకరాళ్ళలా నునుపుదేరి ఉన్నాయి. వేలి కొసలు వేల రాత్రులు వాలి, లేచి, జారి, ఒదిగి, అరగదీసిన నునుపు. ఎనిమిదోది మాత్రం ఇనపచువ్వ కాల్చి పొడిచిన నాటి కరుకుతనంతో అలాగే ఉంది. మన సంగీతపు వేణువుకి బెజ్జాలు ఎనిమిదున్నా, ఎక్కువమంది ఎనిమిదోదాన్ని మూయరు. గాలి పోవడానికి వదిలేస్తారు. ఏడుగురు అక్కచెల్లెళ్ళకి పెళ్ళయి, ఎనిమిదోది వేలు తగలని కన్యగా మిగిలినట్టుంది ఆ వరస. తాతయ్య వేలిముద్రలు ఏ కాగితం మీదా లేవు. ఇక్కడున్నాయి.

తాతయ్య కృష్ణుడు కాడు. కృష్ణుడి పక్కన కూర్చునే మనిషి. పద్యనాటకం ఆడే రాత్రి, రంగం మీద కృష్ణవేషగాడు తళుకు కాగితం చుట్టిన ఉత్తుత్తి కర్ర పెదవికి ఆనిస్తే, తెర పక్కన హార్మోనియం వెనక చాప మీద కూర్చుని అసలు వేణువు ఊదే మనిషి. పెట్రోమాక్సు వెలుగు ఆయన దాకా వచ్చేది కాదు. జనం చప్పట్లు కిరీటానికీ, నెమలిపింఛానికీ పోయేవి. ఆయన వంతుకి తెల్లవారుజామున అరిటాకులో ఇడ్లీ, చొక్కాజేబులో నాలుగు నోట్లు, మెడ మీద దోమకాట్లు. అయినా ఆ రాత్రుల గురించి చెప్పేటప్పుడు ఆయన మొహం మీద పడే వెలుగు ఏ పెట్రోమాక్సూ ఇచ్చింది కాదు.

ఆ నేల అలాంటిది మరి. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి శ్రీరామవిలాస సభ రంగస్థలం మీద సత్యభామై నడిస్తే, ఆడవాళ్ళే ఆ నడకకి అసూయపడేవారని మా నాయనమ్మ చెప్పేది. ఆ సత్యభామకి దీటైన కృష్ణుడు తెనాలికి కూతవేటులో సుద్దపల్లిలో పుట్టాడు. కల్యాణం రఘురామయ్య గారు. లోకం ఆయన్ని ఈలపాట రఘురామయ్య అంది. నోట్లో వేలు పెట్టుకుని ఈలతో రాగం తీసేవారు. వేణువు లేకుండానే వేణుగానం. వెదురు బదులు వేలు, అడవి బదులు ఒళ్ళు. తాతయ్య ఆ ముచ్చట చెబుతూ పకపకా నవ్వేవాడు: "ఆ మహానుభావుడు నోట్లో వేలు పెట్టాడంటే, ఇక నేను నోట్లో వేలేసుకు కూర్చోడమేరా!" రఘురామయ్య గారికి 1975లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఏడే కన్నుమూశారు. స్థానం వారు అంతకు నాలుగేళ్ళ ముందే వెళ్ళిపోయారు. సత్యభామ ముందు పోయింది, కృష్ణుడు తర్వాత పోయాడు, చాప మీది వేణువు మరో రెండేళ్ళు బతికింది.

నిన్ను పట్టుగుడ్డలో చుట్టుకుని తెనాలి రైలెక్కాను. తుడిచానే గానీ, నీలో గాలి నిలవడం లేదు. ఊదితే చీలిక నుంచి బుస్సుమంటోంది. ఊదే బెజ్జం దగ్గర మొదలై రెండో కణుపు వైపు జానెడు మేర, వెంట్రుకంత సన్నటి పగులు. పైన చుట్టిన పట్టుదారం పుచ్చి, వేలితో అంటితే పొడయ్యింది.

దారిలో భట్టిప్రోలు వస్తుంది. రైలు అక్కడ రెండు నిమిషాలాగి, ఏమీ జరగనట్టు కదిలిపోతుంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి దిబ్బ తవ్వితే బౌద్ధస్తూపం గర్భంలో రాతి కరండాలు దొరికాయి, వాటిలో స్ఫటికపు పెట్టె, అందులో బుద్ధధాతువనుకునే చిటికెడు అవశేషం. కరండాల మీది అక్షరాలు ఈ దేశంలో మనకి దొరికిన అతిపాత రాతల్లో కొన్ని. గొప్ప సంగతే, కాదనను. కానీ ఒళ్ళో నిన్ను పెట్టుకుని కిటికీలోంచి ఆ ఊరి తాటిచెట్లని చూస్తుంటే పాడు ఆలోచన వచ్చింది: మాట్లాడిన నోటిని మూసి, ఎముకని పెట్టెలో పెట్టి, పెట్టెకి మొక్కే విద్య మనకి రెండువేల ఏళ్ళ నుంచీ వచ్చు. అదే నేర్పుతో మా ఇంట్లో ఒక వెదురుని ధాతువుని చేశాం. స్ఫటికం దొరక్క కుంకుమ వాడాం.

అటు అమరావతి శిల్పాల్లో వాద్యగాళ్ళున్నారు. అడ్డంగా పట్టిన వేణువు ఒకటి, పెదవికి తాకీ తాకకుండా రాతిలో నిలిచిపోయింది. ఆ వేణువు ఎప్పటికీ పగలదు, పుచ్చదు, బూజు పట్టదు. పలకదు కూడా. రాతివేణువు మౌనం దానికి అందం. వెదురువేణువు మౌనం వ్యాధి.

వేమూరు దాటింది. పైరు కోసిన చేలలో మినుము పచ్చగా పరుచుకుంది. తెనాలి.

తెనాలిలో హార్మోనియం పెట్టెలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. కాలవ దగ్గర సందులో ఒంటిగది. గది నిండా ఊపిరి తీసిన పెట్టెలు. కొన్నింటి తోలుతిత్తులు చిరిగి, కొన్నింటి మెట్లు పళ్ళూడిన నోళ్ళలా జారి. ఒకప్పుడు నాటకాల ఋతువు వస్తే అక్కడ నిలబడ్డానికి చోటుండేది కాదట. ఇప్పుడు పెళ్ళిళ్ళకి కీబోర్డులు, భజనలకి శ్రుతి పలికే ఫోనులు. "ఈ పెట్టెలన్నీ బాగు చెయ్యమని ఇచ్చినవేనా అండీ?" అంటే, "కాదు బాబూ, తీసుకెళ్ళమని చెప్పినవి. ఎవరూ రాలేదు" అన్నారు.

నిన్ను అరచేతిలో తూచారు. తులాభారంలో తులసిదళం తూగినట్టు ఆయన చెయ్యి కొంచెం కిందికి దిగింది. వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, గొట్టంలోంచి వీధిని చూశారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. గోటితో మీటారు.

"నీళ్ళు పెట్టి తుడిచారా?"

"కొంచెం."

"కొంచెం విషం తాగానన్నట్టుంది మీ మాట. వెదురు నీళ్ళు తాగుద్ది బాబూ. తాగి ఉబ్బుద్ది. ఆరేప్పుడు పగుల్తుంది. ఎండలోనూ పెట్టారా?"

తలొంచుకున్నాను. రెండు గంటలు ఎండలో పెట్టిన మాట నిజం.

"ఐదు శ్రుతి కర్ర ఇది. కృష్ణపక్షంలో నరికిన వెదురు, అందుకే పుచ్చు తక్కువ. వెన్నెల పక్షంలో నరికితే తీపి పడుద్దని మా నాయన చెప్పేవాడు, ఆ తీపికి పురుగొస్తది." పిండిపదార్థం ఎక్కువున్న వెదుర్ని పురుగు తొలిచి పొడి చేస్తుందన్నది నిజమే. చంద్రుడికీ దానికీ చుట్టరికం ఎంతో ఆయనకే వదిలేశాను. కృష్ణపక్షం అన్నమాట చెవిలో పడగానే నాకు మరో లెక్క మనసులో పూర్తయింది. నీ చుట్టూ ఎన్ని నలుపులు! నల్లటి పక్షం, నల్లటి ఏరు, నల్లటి నేల, నల్లటి దేవుడు.

ఆయన పని చూశాను. దాన్ని పని అనాలో వైద్యం అనాలో. సైకిలు చువ్వ కొసకి మెత్తటి నూలుగుడ్డ బిగించి, పొడిగానే, గొట్టంలో ఆ కొస నుంచి ఈ కొసకి నడిపారు. గుడ్డ నల్లగా వచ్చింది. మార్చారు. మళ్ళీ నల్లగా. ఐదో గుడ్డకి గోధుమరంగు. సాలీడు గూళ్ళూ, బూజూ, సాంబ్రాణీ, ఏనాటివో ఊపిరి తేమ గట్టిపడ్డ పొరలూ బయటికొచ్చి ఆయన పాత పేపరు మీద చిన్న కుప్పయ్యాయి. నలభై ఆరేళ్ళ మౌనం ఒక టీస్పూనుడు. తర్వాత ఇంకో గుడ్డకి నువ్వులనూనె, తడిసీ తడవనంత, పట్టించి లోపల రాశారు. "పిల్లకి తలంటినట్టు పొయ్యకూడదు. పిల్ల చెవి వెనక రాసినట్టు రాయాలి." ఒక రాత్రి నీడన పడుకోబెట్టారు. మర్నాడు పగులు నోట్లో సన్నటి బంక దించి, కొత్త పట్టుదారం చుట్టడం మొదలెట్టారు. చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా, ఒకదాన్నొకటి ఎక్కకుండా. దారం ఒక కొస పంటికింద, ఒక కొస బొటనవేలి కింద. చివరికి ముడి లేదు. మొదట్లో చుట్ల కింద మడిచి ఉంచిన ఉచ్చులోకి కొస దూర్చి లాగితే, కొస లోపలికి వెళ్ళి మాయమైంది. "ముడేస్తే వేలికి తగుల్తుంది" అన్నారు.

దారం చుడుతూ అడిగారు. "ఎప్పటినుంచి ఊదలేదు?"

1977 నుంచి.

ఆ ఏడు నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. రేపల్లెకి ఏరే అడ్డం. మా ఒడ్డున చెట్లు కూలాయి, కప్పులు లేచిపోయాయి; ఆ ఒడ్డున ఊళ్ళే లేచిపోయాయి. నీళ్ళు తీశాక పడవ మీద అటు వెళ్ళినవాళ్ళలో తాతయ్యా ఉన్నాడు. నాలుగు రోజులకి తిరిగొచ్చాడు. ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు. అంతకు ముందు వారమే ఆ సీమలో ఏదో ఊళ్ళో నాటకానికి ఊది వచ్చాడట. ఆ చాప ముందు కూర్చున్న పిల్లల్లో ఎందరు మిగిలారో ఆయనకి తెలిసి ఉంటుంది. వేణువు తీసి నాయనమ్మ చేతిలో పెట్టి ఒకే మాట అన్నాడు: "గాలంటే భయమేస్తోందే." అంతే. తర్వాత పదకొండేళ్ళు బతికాడు, పెదవికి ఆనించలేదు. వేలమందిని మింగిన గాలినే పిలిచి పాడించడానికి ఆ మనిషికి మనసొప్పలేదు.

ఆయన దుఃఖాన్ని మేము భక్తిగా తర్జుమా చేసుకున్నాం. ఊదనంటే ఊరుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఏ పిల్లాడి చేతికో ఆటకి పడెయ్యొచ్చు. మేకు కొట్టాం. ఈ తెనాలి చుట్టుపక్కల శిల్పుల చేతిలో కంచూ ఫైబరూ మహానుభావులై లేస్తాయి. కూడలి కూడలికీ విగ్రహాలు, జయంతికి దండ, వర్ధంతికి దండ. దండ వేసి దిగివచ్చిన చేతుల్లో ఒక్కటైనా టికెట్టు కొని నాటకానికి పోయి ఉంటే, ఆ ఒంటిగదిలో పెట్టెల తిత్తులకి ఊపిరి ఉండేది. కోపంగా అంటున్నానా? నా మేకు సంగతి మర్చిపోయి అంటున్నానేమో.

అయ్యో వేణువా! నాట్యశాస్త్రం నిన్ను సుషిరమంది. సుషిరమంటే బోలు. బోలుగా ఉండటమే నీ విద్య, ఖాళీగా ఉండటమే నీ కలిమి. తుమ్మెద తొలిచిన బెజ్జంలో గాలి దూరి తనంత తానే మోగే వెదుర్ని సంస్కృతం కీచకమంది. అడవిలో నీకు దిక్కులన్నీ పెదవులు, గాలులన్నీ ప్రియులు. మా ఇంట్లో నిన్ను నింపాం. గంధంతో నింపాం, ధూపంతో నింపాం, దండాలతో నింపాం. ఖాళీ ఒక్కటే ఇవ్వలేకపోయాం. వేలు ఒక్కటే వాల్చలేకపోయాం. కుంభకోణంలో చూపులేని శరభశాస్త్రి గారు నిన్ను పక్క చాప మీంచి కచేరీ పీఠమెక్కించారని చెప్పుకుంటారు, ముప్ఫై రెండేళ్ళకే వెళ్ళిపోయినా. రెండు కళ్ళూ ఉన్న మేము నిన్ను పీఠం నుంచి పటం పక్కకి ఎక్కించాం.

పెద్దాయన ఊదారు. వయసుకి పెదవి వణికింది. మొదట గాలి, తర్వాత గరగర, ఆ తర్వాత, సందులో పోతున్న సైకిలు ఒకటి నెమ్మదించేలా, ఒక షడ్జం. ఒకటే స్వరం. వంకర లేదు, వయ్యారం లేదు. తెల్లారగట్ల పాకలో లేగదూడ పిలిచినట్టుంది. "ఇక ఫర్వాలేదు" అని నా చేతికిచ్చారు. డబ్బు గురించి అడిగితే దారం ఖరీదు చెప్పారు.

తెనాలి నుంచి బాపట్ల వెళ్ళాను. అక్కడ మా మేనత్త ఉంది. తాతయ్య పెద్దకూతురు, ఎనభై నాలుగేళ్ళ మనిషి. భావనారాయణస్వామి గుడికి నాలుగు వీధుల అవతల ఇల్లు. తాతయ్య ఊదగా విన్నవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే. అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. సముద్రం దగ్గరే కాబట్టి మధ్యాహ్నం దాటితే ఆ వీధిలోకి ఉప్పుగాలి వస్తుంది. పట్టుగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టాను. నువ్వు మెరుస్తున్నావు. ఆ క్షణం కోసమే రెండు రైళ్ళెక్కాను.

అత్తయ్య నిన్ను తడిమింది. దారం తడిమింది, బెజ్జాలు లెక్కపెట్టింది, ఏడింటి మీద వేళ్ళు ఆనించి చూసుకుంది. తర్వాత కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఊదే బెజ్జం చుట్టూ గోటితో గీసి గీసి, తలెత్తింది.

"ఎరుపేదిరా?"

"కడిగేశా అత్తయ్యా. నలభై ఏళ్ళ కుంకుమ."

"కుంకుమ కాదురా. నాన్న ఎరుపు."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చోలేకపోయాను.

తాతయ్య నోట్లో ఎప్పుడూ తాంబూలం ఉండేదట. నాటకం మొదలయ్యే ముందు ఒక చుట్ట ఆకులు, రంగం మారినప్పుడల్లా ఒకటి. ఆ పెదవితోనే ఊదేవాడు. వక్కా సున్నం కాచూ కలిసిన ఆ ఎరుపు, ఏళ్ళ తరబడి కింది పెదవి ఆనేచోట అర్ధచంద్రంలా ఇంకిపోయింది. పంచె మీది మరక నాయనమ్మ ఉతికినా ఊరుకునేవాడు గానీ, దీన్ని తుడవబోతే కసిరేవాడట. "అది నా మోవి ముద్రే, ముట్టుకోకు" అనేవాడట. ముసలావిడ, ఆయన తల్లి, ఎంగిలి వెదురని నిన్ను వంటింటి గడప దాటనిచ్చేది కాదట. అంత మడి ఇంట్లో, అంత ఎంగిలి వస్తువు ఒకటి బతికి బట్టకట్టి, చివరికి దేవుడిగదికి చేరింది. అమ్మకి ఆ మరక సంగతి తెలుసో లేదో. తెలిసే దాని మీద కుంకుమ దిద్దిందేమో, ఎంగిలికి బొట్టు పెట్టి దాచిందేమో. అడగడానికి అమ్మ లేదు. కుంకుమ కింద అది భద్రంగానే ఉంది. నలభై ఆరేళ్ళ పూజలో చెరగనిది, ఉప్పెనలో పోనిది, మొన్నటి తుఫానుకీ కరగనిది, నేను పది నిమిషాల్లో గరుకుకాగితంతో గీకేశాను. గీకి మురిసిపోయాను.

ఓ నా వెదురా, నీ నోరు కడిగిన చెయ్యి ఇది. నిమ్మచెక్క పట్టిన చెయ్యి ఇది. నీ పగులుకి దారం దొరికింది, నీ పుచ్చుకి నూనె దొరికింది. నీ పెదవి ఎరుపుకి ఏ తెనాలిలో ఏ పెద్దాయన్ని అడగను? ఆ ఆకు ఏ పాదున కాసిందో, ఆ వక్క ఏ చెట్టుదో, ఆ పెదవి ఏ మట్టిలో కలిసిందో.

అత్తయ్య నన్ను తిట్టలేదు. అదే బాగుండేది. కాసేపు వీధిలోకి చూసి, "చిన్నప్పుడు ఒకసారి దొంగతనంగా ఊదా" అంది. "నాయనమ్మ చూసి వీపు చిట్లగొట్టింది. ఆడపిల్ల ఊదకూడదంట. మర్నాడు నా చేతికి ఊదుగొట్టం ఇచ్చి పొయ్యి దగ్గర కూచోబెట్టింది. అదీ బోలుదేగా. అరవై ఏళ్ళు ఊదాను దాన్ని. పొగ వచ్చింది, మంట వచ్చింది, ఇంటిల్లిపాదికీ అన్నం వచ్చింది." నవ్వింది. పళ్ళు లేని నోట్లో నవ్వు నిలవక జారింది.

పక్కనున్న చిన్న ఇత్తడిరోలు దగ్గరకి లాక్కుంది. పళ్ళు పోయినప్పటినుంచీ ఆకు దంచుకునే వేసుకుంటుంది. రెండు తమలపాకులు, కాస్త వక్కపొడి, చిటికెడు సున్నం, కాచు. టకటకా దంచి, వేలితో తీసి నోట్లో వేసుకుని, తొందరేమీ లేకుండా నమిలింది. ఉప్పుగాలి వచ్చింది. గుళ్ళో గంట మోగింది. తర్వాత నిన్ను రెండు చేతులా ఎత్తి, పెదవికి ఆనించింది.

స్వరం రాలేదు. పొయ్యి ఊదినట్టే ఊదింది, పాపం, ఆవిడకి తెలిసిన ఊదడం అదే. గాలి ఎనిమిది బెజ్జాల్లోంచీ తలా కొంచెం పోయింది. రెండోసారి ఊదింది. మూడోసారి ఆయాసం వచ్చి ఆపి, నిన్ను నా చేతికిచ్చింది.

ఊదే బెజ్జం అంచున తడి. తడిలో ఎరుపు. అది మెల్లగా జారి కొత్త పట్టుదారం మొదటి చుట్టు దగ్గర ఆగింది. తాతయ్య పంచె పేలిక నా సంచిలో పైనే ఉంది. నేను తీయలేదు.